బావగారు కోర్టులో దొంగ మినిట్స్ పెట్టారు, జైలుకు పంపొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ. మా మామగారు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా పెట్టారు. షేర్లలో సగం మా బావగారివి, పావు వంతు మావి, మిగతా పావు మా మరిదివి. నా భర్త పోయాక ఆయన స్థానంలో నన్ను డైరెక్టర్‌గా వేశారు. బావగారు మేనేజింగ్ డైరెక్టర్. ఆడిటర్ ఆఫీసు నుంచి కాగితాలు వస్తే సంతకం పెట్టి పంపడం తప్ప నేను ఎందులోనూ తలదూర్చలేదు. కంపెనీ గోడౌన్ ఒకదాన్ని 2022 ఏప్రిల్ నుంచి తొమ్మిదేళ్లకు, నెలకు 35 వేల అద్దెకు, బావగారి అబ్బాయి ఫర్మ్‌కు లీజుకిచ్చినట్టు ఈమధ్యే తెలిసింది. పక్కనున్న అలాంటి గోడౌన్‌కు లక్షన్నర వస్తోంది. ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ తగాదాలు విచారించే ట్రిబ్యునల్) అమరావతి బెంచ్‌లో పిటిషన్ వేశాం. ఆయన కౌంటర్ అఫిడవిట్‌తో పాటు 2022 మార్చి నాటి బోర్డు మీటింగ్ మినిట్స్ (మీటింగ్‌లో ఏం జరిగిందో రాసిపెట్టే రికార్డు) పెట్టారు. ఆ మీటింగ్‌కు నేను స్వయంగా వచ్చి లీజుకు ఒప్పుకున్నానని అందులో ఉంది. ఆ నెలంతా నేను డాలస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. కోర్టులో ఇంత అబద్ధం ఆడిన మనిషిని జైలుకు పంపే వీలుందా? ఆయన లాయర్ ఫీజు కంపెనీ ఖాతా నుంచే వెళ్తోంది, ఇది సబబేనా? బ్యాలెన్స్ షీట్ల మీద నా సంతకాలూ ఉన్నాయి, రేపు నేనూ ఇరుక్కుంటానా అని టెన్షన్‌గా ఉంది. చుట్టాలేమో రాజీ పడమంటున్నారు.
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీరు ముందు జైలు గురించి అడిగారు కాబట్టి అక్కడే మొదలుపెడతాను. చట్టంలో దారి ఉంది. కంపెనీల చట్టానికి సంబంధించిన వ్యవహారంలో అఫిడవిట్ మీద కావాలని అబద్ధం చెబితే, ఆ చట్టంలోని 449 సెక్షన్ కింద మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. భారతీయ న్యాయ సంహిత 229 సెక్షన్ కింద కూడా, కోర్టు విచారణలో తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. చదవడానికి చాలా గట్టిగా ఉంటాయి. కానీ మీ కేసులో మొదట చేయాల్సిన పని ఇది కాదు. కోపంలో ఈ దారి పట్టినవాళ్లు అసలు పిటిషన్‌ను గాలికి వదిలేసి, ఆ అబద్ధం మీద పెట్టిన కేసు వెనక ఏళ్ల తరబడి తిరుగుతుంటారు. ఈలోపు అవతలివాళ్లు హాయిగా అదే అద్దెకు గోడౌన్ వాడుకుంటూ ఉంటారు. ముందు ఆ గోడౌన్ సంగతి చూద్దాం.

కుటుంబ కంపెనీల్లో అందరూ మర్చిపోయేది ఒకటుంది. ఆ గోడౌన్ మీ బావగారిది కాదు, మీదీ కాదు. మామగారి కష్టార్జితమే అయినా, వారసులు పంచుకునే ఆస్తి కాదు. అది కంపెనీది. డైరెక్టర్ అంటే ఆ పరాయి ఆస్తిని నమ్మకం మీద చూసుకునే మనిషి. లాయర్లు ఫిడ్యూషియరీ డ్యూటీ అనేది దీన్నే. 1956 నాటి పాత చట్టంలో ఈ బాధ్యతలు ఇలా ఒకచోట రాసి ఉండేవి కావు, కోర్టు తీర్పుల్లో వెతుక్కోవాల్సి వచ్చేది. 2013 చట్టం 166 సెక్షన్‌లో పెట్టింది. కంపెనీ మేలు కోసం నిజాయితీగా పనిచేయాలి. తగిన శ్రద్ధతో, సొంత బుద్ధితో నిర్ణయాలు తీసుకోవాలి. తన లాభం, కంపెనీ లాభం ఢీకొనే చోట నిలబడకూడదు. తనకు గానీ, తన బంధువులకు, భాగస్వాములకు గానీ అనుచిత లాభం చేకూర్చకూడదు. చేకూర్చినట్టు తేలితే, ఆ లాభానికి సమానమైన డబ్బు కంపెనీకి కట్టాలి. ఉల్లంఘనకు లక్ష నుంచి అయిదు లక్షల దాకా జరిమానా కూడా ఉంది. జరిమానా ఎంతన్నది మీకు పెద్ద విషయం కాదు, లాభం తిరిగి కట్టాలన్న మాటే ముఖ్యం.

లెక్క చూడండి. నెలకు లక్షన్నర రావాల్సిన చోట 35 వేలు వస్తోందంటే, నెలకు లక్షా 15 వేలు పోతోంది. ఏడాదికి 13 లక్షల 80 వేలు, మూడేళ్లకు 41 లక్షల 40 వేలు. ఇందులో పావు వంతు నాది అని మీ పిటిషన్‌లో అడిగి ఉంటే ఆ పేరా మార్పించండి. ఈ బాధ్యత కంపెనీ పట్ల ఉన్నది. విడివిడిగా ఒక్కో వాటాదారు పట్ల డైరెక్టర్‌కు మామూలుగా ఆ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2005లో గైక్వాడ్ కుటుంబ కంపెనీల కేసులో చెప్పింది. కాబట్టి మొత్తం 41 లక్షల 40 వేలూ కంపెనీ ఖాతాలోకి వెనక్కి రావాలని అడగండి. బెంచ్‌కు ఆ కోరిక వేరేగా వినిపిస్తుంది. వాటా కోసం కొట్లాడే మరదలిలా కాక, కంపెనీ కోసం వచ్చిన డైరెక్టర్‌లా కనిపిస్తారు.

బావగారి వైపు నుంచి వచ్చే మొదటి మాట ఎలాగూ ఇదే: సగం షేర్లు నావి, తమ్ముడు నావైపే ఉన్నాడు, ముప్పావు వంతు మెజారిటీతో ఆ లీజును ఆమోదిస్తున్నాం, ఇంకేంటి గొడవ? దీనికి 1916లోనే ఇంగ్లండ్‌లోని ప్రివీ కౌన్సిల్ జవాబిచ్చింది. కెనడాలో టొరంటో కన్‌స్ట్రక్షన్ కంపెనీ అని ఒకటుండేది. నలుగురు డైరెక్టర్లు, తలా పావు వంతు. రైల్వే నుంచి రావాల్సిన కొత్త కాంట్రాక్టును ముగ్గురు కలిసి తమ సొంతానికి మళ్లించుకుని, తర్వాత మీటింగ్ పెట్టి, తమ ముప్పావు వంతు ఓట్లతోనే ఆ కాంట్రాక్టుతో కంపెనీకి సంబంధం లేదని తీర్మానం చేసేశారు. నాలుగో ఆయన కుక్ కోర్టుకెళ్లాడు. కంపెనీకి చెందాల్సినదాన్ని మెజారిటీ ఓటుతో తమకు తామే బహుమతిగా ఇచ్చుకోవడం కుదరదని, ఆ లాభం కంపెనీదేనని తీర్పొచ్చింది. కుక్ వాటా కూడా మీలాగే పావు వంతు. కుక్ వర్సెస్ డీక్స్ అని మీ లాయరుకు చెబితే చాలు, ఆయనకు తెలిసే ఉంటుంది.

లీజు విషయంలో చట్టం అడిగేవి సూటిగానే ఉన్నాయి. కొడుకు భాగస్వామిగా ఉన్న ఫర్మ్ రిలేటెడ్ పార్టీ, అంటే సంబంధీకుల కిందకు వస్తుంది. తన ఆసక్తి (ఆ లావాదేవీలో తనకున్న సొంత ప్రయోజనం) ఏమిటో మేనేజింగ్ డైరెక్టర్ 184 సెక్షన్ కింద బోర్డుకు ముందే చెప్పాలి. 188 కింద బోర్డు మీటింగ్‌లో తీర్మానం కావాలి. తీర్మానం లేకుండా ఇచ్చి, మూడు నెలల్లో ఆమోదం తెచ్చుకోకపోతే, ఆ లీజును బోర్డు రద్దు చేయించవచ్చు, నష్టాన్ని ఆ డైరెక్టర్ నుంచి రాబట్టవచ్చు. ఆసక్తి దాచిన డైరెక్టర్ పదవి 167 కింద ఖాళీ అయినట్టే. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ప్రైవేట్ కంపెనీలకు 2015 జూన్‌లో కొన్ని మినహాయింపులు వచ్చాయి. ఆసక్తి ఉన్న డైరెక్టర్ ఆ విషయం చెప్పాక మీటింగ్‌లో పాల్గొనవచ్చు. కాబట్టి ఆయన ఆ మీటింగ్‌లో కూర్చోవడమే తప్పు అని వాదించకండి. చెప్పాడా లేదా, ఆ అద్దె బయటివాళ్లకిచ్చే అద్దెలా ఉందా లేదా, ఈ రెండే అడగండి. అద్దె బాగా తక్కువని చూపించడానికి పక్క గోడౌన్ల లీజు పత్రాలో, రిజిస్టర్డ్ వాల్యుయర్ నివేదికో కావాలి. ఫలానా ఆయన చెప్పాడు అంటే బెంచ్ వినదు.

ఇప్పుడు ఆ మినిట్స్. మీ బలం ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం తీరిగ్గా చెబుతాను.

పాస్‌పోర్టు మీద ముద్ర చూపిస్తే పని అయిపోతుందని మీరు అనుకుంటున్నట్టున్నారు. అంత తేలిక కాదు. 173 సెక్షన్ ప్రకారం డైరెక్టర్ వీడియో ద్వారా కూడా బోర్డు మీటింగ్‌లో పాల్గొనవచ్చు. మీరు పాస్‌పోర్టు బయటపెట్టిన మరుసటి వాయిదాకే ఆవిడ వీడియోలో కూర్చున్నారు, గుమస్తా పొరపాటున స్వయంగా అని రాశాడు అన్న కథ తయారవుతుంది. అందుకని, మీ రిజాయిండర్‌లో (ఆయన కౌంటర్‌కు మీరిచ్చే జవాబులో) డాలస్ సంగతి ఇంకా రాయకపోతే, ముందు ఒరిజినల్ మినిట్స్ బుక్, మీటింగ్ నోటీసు, హాజరు రిజిస్టరు తెప్పించమని అప్లికేషన్ వేయడం మంచిదని నా అభిప్రాయం. వాళ్లు ఒక మాట మీద నిలబడ్డాక పాస్‌పోర్టు తీయండి. మీ లాయరు వేరేలా చెబితే ఆయన మాటే వినండి, ఫైలు చూసింది ఆయన. ఒకవేళ నిజంగానే వీడియో అని వాదించినా, దానికీ నిబంధనలున్నాయి. వీడియో సదుపాయం ఉందని నోటీసులో చెప్పాలి, రికార్డింగ్ దాచాలి, ఎవరు వీడియోలో పాల్గొన్నారో మినిట్స్‌లోనే రాయాలి. ఒకటి అల్లితే దానికి తోడుగా ఇంకో మూడు అల్లాలి.

నిజంగా జరిగిన మీటింగ్ వెనక కాగితాల జాడ పొడుగ్గా ఉంటుంది. కనీసం ఏడు రోజుల ముందు ప్రతి డైరెక్టర్‌కూ నోటీసు వెళ్లాలి, చేతికో, పోస్టులోనో, మెయిల్‌లోనో. మీ మెయిల్‌లో ఆ నెలవి వెతకండి. మీ ఐడీ నిజానికి ఆడిటర్ ఆఫీసులో ఎవరో తయారు చేసిందైతే, అది కూడా రాసుకోండి, అలాంటివి నేను కొత్తగా వినడం లేదు. హాజరు రిజిస్టర్‌లో సంతకం ఉండాలి. డ్రాఫ్ట్ మినిట్స్‌ను పదిహేను రోజుల్లో డైరెక్టర్లందరికీ పంపాలని సెక్రటేరియల్ స్టాండర్డ్ (మీటింగులు, మినిట్స్ ఎలా నడపాలో చెప్పే నియమావళి) చెబుతోంది, 118 సెక్షన్ ఆ స్టాండర్డ్‌ను పాటించాలంటోంది. ముప్పై రోజుల్లో మినిట్స్ బుక్‌లో ఎక్కించాలి. పేజీలకు వరస నంబర్లుండాలి, ప్రతి పేజీ మీద పొట్టి సంతకం, చివరి పేజీ మీద తేదీతో పూర్తి సంతకం. విడి కాగితాలు తెచ్చి అంటించడం కుదరదు. మినిట్స్ తారుమారు చేస్తే రెండేళ్ల వరకు జైలని అదే సెక్షన్‌లో ఉంది. తర్వాత అల్లిన మీటింగ్ చాలాసార్లు దొరికిపోయేది పేజీ నంబర్ల దగ్గరే: ముందు మీటింగ్ 46వ పేజీలో ముగిసి, తర్వాతది 47లో మొదలైతే, మధ్యలో వీళ్ల మీటింగ్‌కు చోటెక్కడిది?

ఇంకో చోట కూడా చూడండి. ఆ ఏడాది బోర్డు ఎన్నిసార్లు కూర్చుందో డైరెక్టర్ల నివేదికలో చెప్పాలి. 2021–22 నివేదికలో నాలుగు అని ఉండి, మినిట్స్ బుక్‌లో అయిదు కనిపిస్తే, అయిదోది ఎప్పుడు పుట్టిందన్న ప్రశ్న వస్తుంది. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి ఈ నివేదికలు, బ్యాలెన్స్ షీట్లు ఎవరైనా చూడవచ్చు, అప్‌లోడ్ చేసిన తేదీ కూడా కనిపిస్తుంది. ఆ తేదీని ఇప్పుడు ఎవరూ మార్చలేరు. సంబంధీకులతో చేసుకున్న లావాదేవీలను ఏఓసీ–2 అనే ఫారంలో నివేదికకు జతచేయాలి, బ్యాలెన్స్ షీటు నోట్స్‌లోనూ రాయాలి. లీజు పత్రం సంగతి కూడా ఉంది. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కావాలి. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఆ ఆస్తికి ఈసీ (దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి. రిజిస్టర్ అయి ఉంటే సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది, ఎవరు ఎవరి తరఫున సంతకం పెట్టారో తెలుస్తుంది. కాకపోతే, ఆ తొమ్మిదేళ్ల గడువును ఆ పత్రంతో రుజువు చేసుకోవడం వాళ్లకు కష్టమవుతుంది. స్టాంపు పేపర్ ఏ తేదీన కొన్నారో కూడా చూడండి. 2022 నాటి ఒప్పందం 2024లో కొన్న స్టాంపు పేపర్ మీద ఉన్న కేసులు ఊరికే కథలు కావు.

ఇవన్నీ చూడటానికి మీరు ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. 128 సెక్షన్ కింద డైరెక్టర్‌గా కంపెనీ లెక్కల పుస్తకాలను పనివేళల్లో చూసే హక్కు మీకుంది. వాటాదారుకు ఆ హక్కు లేదు, డైరెక్టర్‌కు ఉంది. రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ఆ నిరాకరణే ఇంకో సాక్ష్యం.

ఇక ఆ అబద్ధం సంగతి. ఎన్‌సీఎల్‌టీ విచారణను చట్టం కోర్టు విచారణగానే చూస్తుంది, 424 సెక్షన్‌లో ఉంది. తప్పుడు సాక్ష్యం మీద చర్య కోసం పాత సీఆర్‌పీసీ 340, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహిత 379 కింద అదే బెంచ్‌లో అప్లికేషన్ వేయాలి. బెంచ్ రెండు చూస్తుంది. నేరం జరిగినట్టు కనిపిస్తోందా? న్యాయం దృష్ట్యా దీన్ని మేజిస్ట్రేట్‌కు పంపడం అవసరమా? రెండో ప్రశ్న దగ్గరే చాలా అప్లికేషన్లు ఆగిపోతాయి. ప్రతి అబద్ధానికీ ఫిర్యాదు చేయాల్సిన పని కోర్టుకు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2005లో ఇక్బాల్ సింగ్ మార్వా కేసులో చెప్పింది. అదే తీర్పు ఇంకోటి కూడా చెప్పింది. దొంగ పత్రం కోర్టు బయట తయారై తర్వాత కోర్టులోకి వస్తే, దాని మీద విడిగా పోలీసు ఫిర్యాదు చేయడానికి అడ్డు లేదు. మీ మినిట్స్ అలాంటివే. అయినా ఇప్పుడే పోలీస్ స్టేషన్‌కు వెళ్లమని నేను చెప్పను. ఇది సివిల్ మేటరమ్మా అని పంపించేస్తే, ఆ మాటను అవతలివాళ్లు బెంచ్ దాకా తెస్తారు. పైగా మినిట్స్ మీద ఉండేది చైర్మన్ సంతకమే, మీది కాదు. మీ సంతకం ఫోర్జరీ అనాలంటే ముందు హాజరు రిజిస్టర్ చూడాలి.

నేనైతే ఇలా చేస్తాను. 379 అప్లికేషన్‌ను సాక్ష్యాలన్నీ చేతికొచ్చాక, అసలు పిటిషన్ వాదనలకు దగ్గరగా వేసి, రెండింటినీ కలిపి వినమని అడుగుతాను. అప్పటిదాకా ఆ అబద్ధాన్ని అసలు కేసులోనే వాడుకుంటాను. లీజు సక్రమమే అయితే మీటింగ్‌ను ఎందుకు పుట్టించాల్సి వచ్చింది? కంపెనీ రికార్డును కాపాడాల్సిన మనిషే దాన్ని దిద్దితే అది కూడా 166 కింద ఇంకో ఉల్లంఘన కాదా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరక్కపోతే, 242 సెక్షన్ కింద బెంచ్ చేయగలిగినవి జైలు కంటే బావగారికి ఎక్కువ తగులుతాయి. మేనేజింగ్ డైరెక్టర్‌ను తొలగించవచ్చు. ఆయన పదవిలో ఉండగా పొందిన అనుచిత లాభాన్ని రాబట్టవచ్చు. అలా తొలగించిన మనిషి అయిదేళ్ల పాటు ట్రిబ్యునల్ అనుమతి లేకుండా ఆ కంపెనీలో మేనేజింగ్ పదవిలోకి రాలేడని 243 చెబుతోంది. మామగారు పెట్టిన కోల్డ్ స్టోరేజీలో ఆ కుర్చీ పోవడం ఆయనకు ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు.

ఈలోపు మధ్యంతర ఉత్తర్వులు ఒకటి రెండు తప్పనిసరి. ముఖ్యంగా కొత్త షేర్లు కేటాయించకుండా, ఆస్తులు అమ్మకుండా ఆర్డర్ తీసుకోండి. 2004లో సుప్రీంకోర్టు తేల్చిన డేల్ అండ్ కారింగ్టన్ కేసులో, విదేశంలో ఉన్న ప్రధాన వాటాదారుకు తెలియకుండా మేనేజింగ్ డైరెక్టర్ తన పేరు మీదే షేర్లు కేటాయించుకుని ఆయన్ను మైనారిటీలోకి నెట్టాడు. డైరెక్టర్‌ది నమ్మకంతో కూడిన స్థానమని చెప్పి సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. కానీ అది ఏళ్ల పోరాటం. మీ పావు వంతు పలచబడకుండా ముందే ఆపడం చవక. రైట్స్ ఇష్యూ (ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు కొనుక్కోమని ఇచ్చే అవకాశం) పేరుతో ఏ కవరొచ్చినా పక్కన పడేయకండి. బెంచ్ ఉత్తర్వు ఇచ్చాక ఆయన దాన్ని మీరితే 425 కింద కోర్టు ధిక్కారం కేసు వేయవచ్చు, హైకోర్టుకున్న అధికారమే ఎన్‌సీఎల్‌టీకీ ఉంది.

లాయర్ ఫీజు ప్రశ్నకు జవాబు చిన్నదే. పిటిషన్‌లో కంపెనీ కూడా ఒక పార్టీ కాబట్టి, కంపెనీ తన తరఫున లాయరును పెట్టుకోవచ్చు. ఆ ఖర్చు తప్పు కాదు. కానీ కొడుకుకు లీజిచ్చాడన్న ఆరోపణ మీ బావగారి సొంత ఆరోపణ. దాన్ని ఎదుర్కోవడానికి కంపెనీ సొమ్ము వాడితే, అందులో మీ పావు వంతు సొమ్ముతో మీ మీదే కేసు నడుపుతున్నట్టు. ఎవరి తరఫున ఎవరికి ఎంత కట్టారో అఫిడవిట్ మీద లెక్క చెప్పమని, ఇకమీదట సొంత ఫీజు సొంతంగా కట్టుకోమని 242(4) కింద అడగండి. కంపెనీకీ ఆయనకూ ఒకే లాయరు వకాలత్ వేసి ఉంటే అది తప్పకుండా బెంచ్ దృష్టికి తేండి.

మీ సంతకాల విషయం. దీన్ని మీరు ఉత్తరం చివర్లో రాశారు, నిజానికి అన్నిటికంటే ముందు రాయాల్సింది ఇదే. 166 సెక్షన్ మీ బావగారికే కాదు, మీకూ వర్తిస్తుంది. శ్రద్ధ, సొంత బుద్ధి అన్న మాటలు కాగితం చూడకుండా సంతకం పెట్టిన డైరెక్టర్‌ను కూడా అడుగుతాయి. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించి, ఇన్వెస్టర్ల గోలతో గంటల్లోనే వెనక్కి తీసుకున్నది గుర్తుండే ఉంటుంది. ఆనాడు హైదరాబాద్‌లోనూ బయటా జనం అడిగింది రాజు గారి ఒక్కరి గురించే కాదు, ఆ బోర్డు టేబుల్ చుట్టూ కూర్చున్న మిగతావాళ్లు ఏం చేస్తున్నారని కూడా.

అయినా అంతగా భయపడనక్కర్లేదు. రోజువారీ నిర్వహణలో లేని డైరెక్టర్, తనకు తెలిసి జరిగిన, తన సమ్మతి ఉన్న, లేదా తాను శ్రద్ధ చూపని వాటికే బాధ్యులని 149(12) చెబుతోంది. ప్రమోటర్లకు, అంటే కంపెనీని పెట్టి లేదా అదుపులో ఉంచుకుని నడిపించేవాళ్లకు ఈ రక్షణ లేదు, మీరు ఆ కోవలోకి వస్తారో లేదో మీ లాయరు చూడాలి. నిజాయితీగా, సహేతుకంగా నడుచుకున్న డైరెక్టర్‌ను బాధ్యత నుంచి తప్పించే అధికారం 463 కింద కోర్టుకుంది. ఈ రెంటిలో ఏది వాడుకోవాలన్నా, తెలిసిన రోజు నుంచి మీరు ఏం చేశారన్నదే చూస్తారు. మీరు ఇప్పటికే పిటిషన్ వేశారు. దానికి తోడు లీజుకు మీ అభ్యంతరం రాస్తూ బోర్డుకు ఒక ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. వచ్చే ప్రతి బోర్డు మీటింగ్‌కూ వెళ్లండి. పన్నెండు నెలల పాటు ఒక్క మీటింగ్‌కూ వెళ్లకపోతే, సెలవు తీసుకున్నా సరే, 167 కింద డైరెక్టర్ పదవి పోతుంది. 2022 మార్చిలో హాజరయ్యారని ప్రమాణం చేసి చెప్పిన మనిషి, ఆ ఏడాదికి మీరు రాలేదని ఇక అనలేడు. కానీ ఆ తర్వాత ఏళ్ల మాట వేరు, కాబట్టి జాగ్రత్త.

ఇంకో మాట, కొంచెం కటువుగా ఉన్నా చెప్పాలి. లీజు గురించి నాకేమీ తెలియదు అని మీరు ప్రమాణ పత్రంలో రాశారా? అయితే 2022–23 నుంచి మీరు సంతకం పెట్టిన బ్యాలెన్స్ షీట్లు తీసి, సంబంధీకుల లావాదేవీల నోట్ చదవండి. అందులో ఆ ఫర్మ్ పేరు, అద్దె మొత్తం ఉంటే, మీ వాక్యం అలాగే ఉండకూడదు. కాగితం మీద ఉంది, చదవకుండా సంతకం పెట్టాను, ఫలానా రోజున తెలిసింది అని అదనపు అఫిడవిట్ వేయండి. ముఖ్యమైన పత్రాన్ని దాచి కోర్టుకు వచ్చేవాళ్లను ఏ దశలోనైనా బయటికి పంపవచ్చని 1993లో చెంగల్వరాయ నాయుడు కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఆ మాట పిటిషనర్‌కూ వర్తిస్తుంది. ఆయన అబద్ధాన్ని పట్టుకోవాలనుకుంటే మీ అఫిడవిట్‌లో సగం నిజం కూడా ఉండకూడదు. ఇంకా ఒక పని ఈ వారంలోనే చేయండి. మీ డిజిటల్ సంతకం డాంగిల్ ఆడిటర్ ఆఫీసు సొరుగులోనే ఉండి ఉంటుంది. దాన్ని వెనక్కి తెచ్చుకోండి, ఇవ్వకపోతే రద్దు చేయించండి. మీ పేరుతో అప్‌లోడ్ అయ్యే ప్రతి ఫారానికీ మీరే జవాబుదారీ.

చుట్టాలు చెప్పే రాజీ మాట. రాజీ పడొద్దని నేను అనను. ఇలాంటి కుటుంబ కంపెనీ తగాదాల్లో చాలావరకు ఒకరు ఇంకొకరి షేర్లు కొనేయడంతోనే ముగుస్తాయి, 242లో అందుకు దారి కూడా ఉంది. విచారణ మధ్యలో ఎప్పుడైనా మీడియేషన్ ప్యానెల్‌కు పంపమని 442 కింద అడగవచ్చు, ఇంట్లో పెద్దమనుషుల కంటే అది నయం. అక్కడ బాబాయి గారి మొహమాటం పనిచేయదు. కాకపోతే ధర కట్టేటప్పుడు లీజు విషయం మర్చిపోతే మోసపోయేది మీరే. 35 వేల అద్దె ఉన్న గోడౌన్‌గా లెక్కేస్తే కంపెనీ విలువ తగ్గుతుంది, మీ పావు వంతు విలువా తగ్గుతుంది. మామూలు అద్దె వచ్చినట్టు లెక్కేసి, పోయిన 41 లక్షల చిల్లర కంపెనీకి రావాల్సిన బాకీగా చూపించి, అప్పుడు రిజిస్టర్డ్ వాల్యుయర్‌తో ధర కట్టించాలి. వాల్యుయర్‌ను ఇద్దరూ ఒప్పుకున్న పేర్లలోంచి బెంచ్ నియమిస్తే ఇంకా మంచిది. ఏ తేదీ నాటి విలువ అన్నది కూడా రాయించుకోండి. సీజన్ సరుకు నిండిన మే నెలలో బ్యాలెన్స్ ఒకలా, ఖాళీ అయ్యాక ఇంకోలా ఉంటుంది.

ఒప్పందాన్ని తెల్ల కాగితం మీద రాసుకుని వచ్చేయకండి. బెంచ్ ముందు పెట్టి ఆర్డర్‌గా తీసుకోవాలి, ఆ ఆర్డర్ కాపీని కంపెనీ ముప్పై రోజుల్లో రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కు పంపాలి. కోల్డ్ స్టోరేజీ అప్పుకు డైరెక్టర్‌గా మీరు బ్యాంకులో పర్సనల్ గ్యారంటీ ఇచ్చి ఉంటారు, అప్పట్లో పెట్టిన సంతకాల్లో అదీ ఒకటయి ఉండొచ్చు, కనుక్కోండి. షేర్లు ఇచ్చేసి, డైరెక్టర్ పదవి వదిలేసినా ఆ గ్యారంటీ దానంతట అది పోదు. బ్యాంకు నుంచి విడుదల లేఖ మీ చేతికి వచ్చిన తర్వాతే షేర్ల బదిలీ ఫారం మీద సంతకం పెట్టండి.